తరిమెనపై కాయకము

పోతిరెడ్డిపల్లినుండి పటాన్‌చెరు కర్మాగారములకేగి లేత్ యంత్రముపై ఇనుమును చెక్కు యువకులకు, కొయ్యను చెక్కు తరిమెన క్రొత్తగా తోచదు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో కుంకుమ భరిణెలును, గిన్నెలును దానిపైననే రూపొందుచున్నవి. అంకుడుకొయ్యను ముందు బాగుగా ఆరనీయవలెను. పచ్చికొయ్య పిదప బీటలువారును. గిఱ్ఱున తిరుగు కొయ్యకు ఉలి ఆనించి లోభాగమును తొలిచిన పిమ్మట, రంగు కలిపిన లక్కకడ్డీని అదిమి పట్టుదురు. రాపిడి వేడికి లక్క కరగి కొయ్యకంటుకొనును. కుంచెతో పనియే లేదు! మొగలియాకుతో రుద్దగా నిగనిగలాడును.

నడుమ రసాయనపు రంగులు చొరబడినవి. పసిబిడ్డ నోటబెట్టుకొను బొమ్మకు అట్టి రంగు పూయుట కాయకమనిపించుకొనునా? చెట్లనుండి తీయు సహజవర్ణములను తిరిగి వాడుకలోనికి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది. అంకుడుకొయ్య మాత్రము నానాటికి దుర్లభమగుచున్నది.