పడిసెమా, ఎలర్జీయా?

పడిసెం పది రోగాల పెట్టు అంటారు పెద్దలు. అయితే ముక్కు కారినప్పుడల్లా అది పడిసెమేనా?

ఎచ్చెర్ల ప్రాంతంలో వరికోతలయి, కళ్ళాల్లో నూర్పులు మొదలయ్యాయనుకోండి. గాలికి ధాన్యం ఎగరబోస్తుంటే దుమ్ము లేస్తుంది. అక్కడున్న పదిమందిలో ఒక్క కుర్రవాడికే వరసగా తుమ్ములు. ముక్కు నీళ్ళలా కారుతుంది. ముక్కూ, కళ్ళూ ఒకటే దురద. జ్వరం లేదు. ఇంటికి వెళితే తగ్గుతుంది, మర్నాడు కళ్ళంలో అడుగుపెట్టగానే మళ్ళీ మొదలు. “రొంప పట్టింది, చద్దన్నం తినకు” అంటుంది వాళ్ళమ్మ. పాపం, చద్దన్నం చేసిన తప్పేమీ లేదు!

రొంప వైరస్‌ల వల్ల వస్తుంది. గొంతు నొప్పి, ఒళ్ళు నొప్పులు ఉండవచ్చు. సాధారణంగా వారం పది రోజుల్లో పోతుంది. ఈ కుర్రవాడిది ఎలర్జీ. దుమ్ములోని బూజు బీజాలనో, పుప్పొడినో అతని శరీరం శత్రువుగా పొరబడింది. అవి తగలగానే ముక్కు లోపలి పొరలోని మాస్ట్ కణాలు హిస్టమిన్ అనే పదార్థాన్ని వదులుతాయి. తుమ్ములూ, దురదా దాని పనే.

ఇంగ్లండులో చార్లెస్ బ్లాక్లీ అనే డాక్టరుకు ఏటా ఇదే బాధ. ఆయన గడ్డి పుప్పొడిని తన ముక్కులోనే వేసుకుని చూశాడు. చర్మం గీరి దానిమీద రాసుకుంటే దద్దురు లేచింది! జిగురు పూసిన గాజుపలకలను గాలిపటాలకు కట్టి, పైగాలిలోనూ పుప్పొడి ఉందని చూపాడు. ఇదంతా 1873లో పుస్తకంగా వేశాడు. నేడు డాక్టర్లు చేసే చర్మపరీక్ష ఆ దద్దురు మీద ఆధారపడిందే. అయినా ముందుగా వాళ్ళడిగేవి ప్రశ్నలే: ఎప్పుడు? ఎక్కడ? దురద ఉందా? పిల్లికూతలు వస్తున్నాయా? చిన్నపిల్లలకు ఒక పక్క ముక్కే కారి, చెడువాసన వస్తుంటే లోపల చింతపిక్క ఇరుక్కుందేమో అని కూడా చూస్తారు.

వైద్యమో? దుమ్ములో ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మొదటిది. హిస్టమిన్‌ను అడ్డుకునే మాత్రలున్నాయి. బాధ ఎక్కువైతే డాక్టరు స్టీరాయిడ్ స్ప్రే ఇస్తారు. అది పూర్తిగా పనిచేయడానికి కొన్నిరోజులు పడుతుంది కనుక రోజూ వాడాలి.

చాలామంది అంతవరకు ఆగరు. మందులషాపులో చుక్కలమందు కొంటారు. నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, నిజమే. ఆ మందు ఉబ్బిన రక్తనాళాలను కుదిస్తుంది. కాని అయిదారు రోజులు దాటితే, మందు దిగగానే అవి మరింత ఉబ్బుతాయి. మళ్ళీ చుక్కలు, మళ్ళీ దిబ్బడ! అసలు ఎలర్జీ తగ్గినా ముక్కు మాత్రం తెరుచుకోదు. అప్పుడు డాక్టరు చేసే మొదటి వైద్యం ఆ చుక్కల సీసాను మాన్పించడమే.