బిట్ దగ్గర ఎంత పవర్ మిగిలింది?

కోనసీమలో ఆయిల్ రిగ్ పక్కగా వెళ్లేవారి కళ్లు ముందు డెరిక్ అనే ఎత్తైన ఇనుప గోపురం మీద పడతాయి. డ్రిల్లింగ్ ఇంజినీర్ కావాలనుకునే విద్యార్థి మనసు మాత్రం రెండు మూడు కిలోమీటర్ల లోతున, రాయిని తొలిచే బిట్‌కు బిగించిన చిన్న నాజిళ్ల మీద ఉండాలి. పైనుంచి పంపు తోసిన మడ్ (డ్రిల్లింగ్‌లో వాడే బురద లాంటి ద్రవం) వాటిలోంచి దూసుకొచ్చి, బిట్ పగలగొట్టిన రాతి తునకలను ఊడ్చేస్తుంది. ఆ ఊపు చాలకపోతే బిట్ కొత్త రాయిని తొలవదు, తొలిచిన పొడినే మళ్లీ నూరుతుంది. బంకమట్టి పొరల్లోనైతే పళ్ల మధ్య మట్టి ముద్దకట్టుకుపోతుంది. రిగ్ అద్దె మాత్రం గంటగంటకూ పడుతూనే ఉంటుంది.

అందుకే ఇంటర్వ్యూకు వెళ్లేముందు బిట్ హైడ్రాలిక్ హార్స్‌పవర్ లెక్క చేతికి రావాలి. సూత్రం చిన్నదే. బిట్ దగ్గర పీడన నష్టాన్ని పీఎస్ఐలో, మడ్ ప్రవాహాన్ని నిమిషానికి గ్యాలన్లలో తీసుకుని, రెండిటినీ గుణించి 1714తో భాగించాలి. ఆ 1714 ఎక్కడిదో కూడా తెలియాలి. ఒక హార్స్‌పవర్ అంటే నిమిషానికి 33,000 అడుగు-పౌండ్లు. అమెరికన్ గ్యాలన్ అంటే 231 ఘనపు అంగుళాలు. 231ని 12తో భాగిస్తే 19.25. 33,000ను 19.25తో భాగించి చూడండి, 1714 వస్తుంది. ఇలా రాబట్టగలిగినవారికి సూత్రం బట్టీ పట్టే పని ఉండదు.

పీడన నష్టం కావాలంటే మడ్ బరువును ప్రవాహ వర్గంతో గుణించి, 10,858తోనూ నాజిళ్ల మొత్తం వైశాల్య వర్గంతోనూ భాగించాలి. ఎనిమిదిన్నర అంగుళాల బిట్ తీసుకుందాం. మడ్ గ్యాలన్‌కు 10 పౌండ్లు, ప్రవాహం నిమిషానికి 400 గ్యాలన్లు, 12 నంబరు నాజిళ్లు మూడు. నాజిల్ నంబరంటే అంగుళంలో 32వ వంతుల లెక్క. మూడింటి వైశాల్యం 0.331 చదరపు అంగుళాలు, పీడన నష్టం సుమారు 1,342 పీఎస్ఐ, పవర్ 313 హార్స్‌పవర్. బిట్ వైశాల్యం 56.7 చదరపు అంగుళాలు కాబట్టి, చదరపు అంగుళానికి 5.5 హార్స్‌పవర్ అందుతోంది.

ఇప్పుడు 13 నంబరు నాజిళ్లు బిగించండి. ఒక్కోదాని వ్యాసంలో తేడా మిల్లీమీటరు కూడా లేదు. అయినా పవర్ 227కి పడిపోతుంది! నాజిళ్లు మార్చకుండా ప్రవాహాన్ని పదో వంతు తగ్గించినా దాదాపు అంతే నష్టం. పీడనం ప్రవాహ వర్గాన్ని బట్టి మారుతుంది, పవర్ ఘనాన్ని బట్టి మారుతుంది. ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాట సొంతంగా వివరించగలిగితే చాలు, మీరు పుస్తకం దాటి ఆలోచిస్తున్నారని ఎదుటివారికి అర్థమవుతుంది.

పవర్ ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవద్దు. మెత్తటి పొరల్లో బావి గోడలు కోసుకుపోతాయి. పైగా పంపు పీడనానికి ఒక హద్దుంది. పవర్ గరిష్ఠంగా కావాలంటే ఆ పీడనంలో సుమారు 65 శాతం బిట్ దగ్గరే ఖర్చు కావాలన్నది పాత సూత్రం. లోతు పెరిగేకొద్దీ పైపుల్లో రాపిడే పెద్ద వాటా తినేస్తుంది.

చదువు విషయానికొస్తే, విశాఖలో 2016లో మొదలైన ఐఐపీఈ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం అండ్ ఎనర్జీ)లో జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారా పెట్రోలియం బీటెక్‌లో చేరవచ్చు. కాకినాడ జేఎన్‌టీయూలోనూ ఈ కోర్సు ఉంది. గేట్‌లో 2017 నుంచి పెట్రోలియం పేపర్ విడిగా ఉంది. మెకానికల్ చదివినవారికీ డ్రిల్లింగ్‌లో చోటుంది. రిగ్ మీద నిలదొక్కుకోవాలంటే వెల్ కంట్రోల్ (బావి పీడనాన్ని అదుపులో ఉంచడం) సర్టిఫికెట్ తప్పనిసరి. కాకినాడ తీరానికి ఆవల ఓఎన్‌జీసీ లోతు సముద్రపు క్షేత్రంలో 2024 జనవరిలో చమురు రావడం మొదలైంది. ఈ పని మన గుమ్మం ముందే ఉంది.

ఇది చదవడం అయ్యాక 14 నంబరు నాజిళ్లతో అదే లెక్క మీరే చేయండి. 169 హార్స్‌పవర్ వస్తే సరిగ్గా చేసినట్టే.