నేలకు రాలిన గాలి

1975 జూన్ 24న, సాయంకాలం నాలుగు గంటల వేళ న్యూయార్క్‌లోని కెన్నెడీ విమానాశ్రయంపై ఉరుములతో కూడిన మేఘాలు కమ్ముకొన్నాయి. న్యూ ఆర్లియన్స్ నుండి 124 మందితో వచ్చిన ఈస్టర్న్ సంస్థ బోయింగ్ 727 విమానం రన్‌వేను చేరకముందే కిందికి జారి, దీపస్తంభాలను ఢీకొని ముక్కలైంది. 113 మంది మరణించారు. కొద్ది నిమిషాల ముందు అక్కడే దిగిన ఒక సరకు విమానపు పైలట్, గాలి తీరు ప్రమాదకరంగా ఉన్నదనీ, రన్‌వేను మార్చడం మంచిదనీ హెచ్చరించాడు. నేలపైనున్న పరికరాలు మాత్రం గాలి రన్‌వే వెంబడే వీస్తున్నట్లు చూపాయి. రన్‌వే మారలేదు.

ఈ ప్రమాదానికి కారణాన్ని అన్వేషించినవారు షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యులు టెట్సుయా ఫుజితా. ఆయన జపాన్ దేశీయులు. 1945 ఆగస్టు 9న రెండవ అణుబాంబు పడవలసిన కొకురా ప్రాంతంలోనే ఆయన ఉన్నారు. ఆకాశం మసకబారి లక్ష్యం కనిపించకపోవడం వలన ఆ బాంబు నాగసాకిపై పడింది. వాతావరణమే ఆయనకు ప్రాణభిక్ష పెట్టిందనాలి. తరువాత నాగసాకికి వెళ్ళినప్పుడు, పేలుడు జరిగిన చోటి నుండి చెట్లు బండిచక్రపు ఆకుల వలె నలుదిక్కులకూ ఒరిగి ఉండడం గమనించారు. 1974లో అమెరికాలో సుడిగాలుల బీభత్సం తరువాత విమానం నుండి అడవులను పరిశీలిస్తుండగా అదే దృశ్యం మళ్ళీ కనిపించింది. సుడిగాలికి కూలిన చెట్లు అలా పడవు.

దాని రహస్యం ఇది. వర్షమేఘంలో చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా నేలపై పడుతుంది. గచ్చుపై గుమ్మరించిన బిందెడు నీటి వలె అన్ని వైపులకూ చిమ్ముతుంది. దీనినే మైక్రోబర్స్ట్ అంటారు. దీని ఆయుష్షు కొద్ది నిమిషాలే. ఇందులో ప్రవేశించిన విమానానికి మొదట ఎదురుగాలి తగులుతుంది. విమానం పైకి లేస్తుంది. మేలు జరిగినదనుకొని పైలట్ ఇంజను వేగం తగ్గిస్తాడు. మరుక్షణమే పైనుండి గాలి అణచివేస్తుంది. ఆపై వెనుకగాలి వచ్చి రెక్కలకు ఊతం లేకుండా చేస్తుంది. దిగుతున్న విమానానికి నేల దగ్గరగా ఉంటుంది. తప్పు సరిదిద్దుకొనే వ్యవధి ఉండదు.

అటువంటి గాలి నేలను తాకేలోపే చెదిరిపోతుందని పలువురు శాస్త్రజ్ఞులు ఫుజితా మాటను కొట్టివేశారు. 1978లో డాప్లర్ రాడార్లతో ఆయన దానిని పట్టి చూపారు. అయినా విమానాలలోకి ఆ జ్ఞానం చేరేసరికి ఆలస్యమైంది. 1985 ఆగస్టు 2న డల్లాస్‌లో డెల్టా 191 విమానం ఇదే విధంగా కూలింది. రోడ్డుపై కారులో పోతున్న ఒక వ్యక్తితో సహా 137 మంది చనిపోయారు. గాలిమార్పును పసిగట్టే పరికరాలను ప్రయాణికుల విమానాలకు అమెరికా తప్పనిసరి చేసినది 1988లో మాత్రమే. ఆ తరువాత కూడా, 1994లో షార్లట్ నగరంలో ఇదే కారణంతో 37 మంది మరణించారు.

పైనుండి విరుచుకుపడే గాలి తెలుగువారికీ తీరని శోకం మిగిల్చింది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణించిన హెలికాప్టర్ నల్లమల అడవులలో కూలి ఐదుగురు మరణించారు. అది బలమైన అధోముఖ వాయుప్రవాహంలో చిక్కుకొని అదుపు తప్పినదని విచారణ సంఘం నిర్ణయించింది. ఆ సమయంలో పైలట్ల దృష్టి యంత్రంలోని చమురుకు సంబంధించిన ఒక సమస్యపై ఉన్నదనికూడా ఆ నివేదికలో ఉంది.