ప్రాంగణ కార్యక్రమాలు, ఉద్యోగ సన్నాహం: కర్నూలు, కడప విద్యార్థులకు ఏడాది ప్రణాళిక

విశ్వవిద్యాలయ ప్రాంగణాల్లో ఏటా జరిగే సదస్సులు, యువజనోత్సవాలు, సేవా శిబిరాలు చదువుకు ఆటంకం కలిగించే కాలక్షేపాలన్న అభిప్రాయం అనేక కుటుంబాల్లో స్థిరపడి ఉంది. మంచి మార్కులు వస్తే ఉద్యోగం దానంతట అదే వస్తుందన్న నమ్మకం ఈ అభిప్రాయానికి మూలం. మార్కులు అభ్యర్థిని ఇంటర్వ్యూ గది గడప దాకా మాత్రమే తీసుకువెళ్తాయి. ఆ తరువాత, పదిమందిని కూడగట్టి ఒక పని పూర్తి చేసిన అనుభవం ఉందా, ముఖపరిచయం లేని ఊరిలో ఇంటింటికీ వెళ్లి సమాచారం సేకరించారా, సభలో నిలబడి తమ మాటను పది నిమిషాల్లో స్పష్టంగా చెప్పగలరా అన్న విషయాలను ఎంపిక సంఘం పరిశీలిస్తుంది. పెద్ద కంపెనీలు తక్కువగా ఉండి, ఇంట్లో తొలిసారి డిగ్రీ చదువుతున్నవారు ఎక్కువగా ఉండే రాయలసీమ జిల్లాల్లో ఈ అనుభవం విద్యార్థికి దొరికే అత్యంత సమీప స్థలం కళాశాల ప్రాంగణమే. కాబట్టి కార్యక్రమాల పట్టికను పాఠ్యప్రణాళికతో సమానంగా చదివి, ఏ కార్యక్రమంలో ఏ బాధ్యత తీసుకోవాలో ముందుగా నిర్ణయించుకోవడం ఉద్యోగ సన్నాహంలో భాగంగా భావించాలి.

అవకాశాలు ఉన్న ప్రాంగణాలు

కడపలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ పీజీ కేంద్రంగా ఉన్న సంస్థ 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయంగా మారింది. కర్నూలులో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ పీజీ కేంద్రం 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయంగా రూపుదిద్దుకుంది. వీటికి తోడు కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం, క్లస్టర్ విశ్వవిద్యాలయం, డిజైన్, తయారీ రంగాలపై దృష్టి పెట్టిన ట్రిపుల్ ఐటీడీఎం ఉండగా, కడప జిల్లా ఇడుపులపాయలో 2008లో ప్రారంభమైన ట్రిపుల్ ఐటీ, కడపలో ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం పనిచేస్తున్నాయి. ఒక సంస్థ నిర్వహించే సదస్సుకో పోటీకో ఇతర కళాశాలల విద్యార్థులను కూడా ఆహ్వానించడం సాధారణం కనుక, తాము చదివే కళాశాల నోటీసు బోర్డుతోనే ఆగిపోకుండా ఈ సంస్థలన్నింటి ప్రకటనలనూ గమనిస్తూ ఉండటం విద్యార్థులకు మేలు చేస్తుంది.

ముందే తెలిసే తేదీలు

ప్రాంగణ కార్యక్రమాల్లో చాలావాటి తేదీలు ఏటా మారవు. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి జయంతి కనుక తెలుగు భాషా దినోత్సవం, ధ్యాన్‌చంద్ జయంతి కనుక జాతీయ క్రీడా దినోత్సవం కూడా అదే రోజున వస్తాయి. సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం, సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) అవతరణ దినోత్సవం, నవంబరు 19 నుంచి 25 వరకు ప్రపంచ వారసత్వ వారోత్సవం, నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం, డిసెంబరు 22న శ్రీనివాస రామానుజన్ జయంతి సందర్భంగా జాతీయ గణిత దినోత్సవం వస్తాయి. జనవరి 12న వివేకానందుని జయంతి అయిన జాతీయ యువజన దినోత్సవం, 19న వేమన జయంతి, 25న జాతీయ ఓటర్ల దినోత్సవం, ఫిబ్రవరి 21న అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం, 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుగుతాయి.

ఈ తేదీల చుట్టూ వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, ప్రదర్శన వంటి పోటీలు ఉంటాయని తెలిసినప్పుడు, నోటీసు వచ్చాక రెండు రోజుల్లో హడావిడిగా తయారయ్యే పరిస్థితి ఉండదు. విజ్ఞాన దినోత్సవానికి నమూనా తయారుచేయదలచిన భౌతికశాస్త్ర విద్యార్థులు డిసెంబరులోనే అంశాన్ని ఎంచుకోవచ్చు, వేమన జయంతి సభలో ప్రసంగించదలచిన తెలుగు విద్యార్థులు సంక్రాంతి సెలవులను చదువుకు వినియోగించుకోవచ్చు. విద్యా సంవత్సరం మొదట్లోనే సెమిస్టర్ పరీక్షల తేదీలనూ ఈ తేదీలనూ ఒకే కాగితంపై రాసుకుంటే, ఏ నెలలో ఎంత సమయం మిగులుతుందో స్పష్టమవుతుంది.

విద్యా సంబంధ కార్యక్రమాలు

సదస్సు అంటే ఒక నిర్దిష్ట అంశంపై పండితులు, పరిశోధకులు పత్రాలు సమర్పించి చర్చించే సమావేశం. ఉపన్యాసం వినడంతో సరిపెట్టక, ఒక నైపుణ్యాన్ని అక్కడికక్కడే చేయించి నేర్పేది కార్యశాల. హ్యాకథాన్ అంటే ఇచ్చిన సమస్యకు పరిమిత గంటల్లో బృందంగా సాంకేతిక పరిష్కారం రూపొందించే పోటీ. ఈ మూడింటిలో దేనికి వెళ్లినా ప్రేక్షకులుగా కూర్చుని ధ్రువపత్రం తీసుకురావడం వల్ల ఒరిగేది స్వల్పం. సదస్సులో పత్రం సమర్పించాలంటే ముందుగా సారాంశం పంపాలి. తాము పరిశీలించిన ప్రశ్న ఏమిటో, దాన్ని ఎలా పరిశీలించారో, ఏం తేలిందో ఒక పేజీకి మించకుండా చెప్పే రచనే సారాంశం. దీన్ని రాయడం నేర్చుకున్నవారికి పరిశోధన ప్రతిపాదన, ప్రాజెక్టు నివేదిక, పోటీ పరీక్షల్లోని సంక్షిప్త సమాధానం అన్నీ సులువవుతాయి. పత్రం చదివే ధైర్యం ఇంకా రానివారు పోస్టర్ ప్రదర్శనతో మొదలుపెట్టవచ్చు. అక్కడ గోడకు అంటించిన చిత్రపటం ముందు నిలబడి, వచ్చినవారికి ఒక్కొక్కరికీ విషయం వివరిస్తే సరిపోతుంది.

ఇంజనీరింగ్ విద్యార్థులకు 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ మంచి వేదిక. ఆరుగురు సభ్యులుండే ప్రతి బృందంలోనూ కనీసం ఒక విద్యార్థిని ఉండాలన్న నియమం ఉన్న ఈ పోటీకి ముందుగా కళాశాల స్థాయిలో ఎంపిక జరుగుతుంది. జాతీయ స్థాయికి చేరకపోయినా, కళాశాల స్థాయి ఎంపికలో రూపొందించిన నమూనా ప్రాంగణ నియామకాల ఇంటర్వ్యూలో చూపదగినదే అవుతుంది. ఓర్వకల్లు, గడివేముల మండలాల పరిధిలో విస్తరించిన 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు వంటి చోట్లకు విద్యా పర్యటన ఏర్పాటైనప్పుడు, చూసిన విషయాలపై నాలుగు పేజీల నివేదిక రాసి విభాగానికి అందజేసినవారు, ఫొటోలతో తిరిగి వచ్చినవారికంటే ఒక అడుగు ముందుంటారు.

భాషా, చరిత్ర విద్యార్థులకు ఈ ప్రాంతం సమకూర్చే సంపద మరెక్కడా సులభంగా లభించదు. తెలుగు నిఘంటు నిర్మాత చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కడపలో నివసించిన బంగళా స్థలంలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రి అకుంఠిత కృషితో వెలిసిన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం నేడు యోగి వేమన విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నడుస్తున్నది. ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్లలో లభించిన రేనాటి చోళుల శాసనాన్ని, సుమారు క్రీ.శ. 575 నాటి తొలి తెలుగు శాసనంగా పండితులు గుర్తించారు. కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలోని ఎర్రగుడి వద్ద అశోకుని శిలాశాసనాలు ఉన్నాయి. వారసత్వ వారోత్సవంలో ఈ స్థలాలకు వారసత్వ నడకను, అంటే చరిత్ర వివరిస్తూ సందర్శకులను నడిపించే కార్యక్రమాన్ని, ప్రతిపాదించి నిర్వహించిన విద్యార్థులకు పర్యాటక మార్గదర్శి, మ్యూజియం సహాయకులు, లిఖితప్రతుల పరిరక్షకులు వంటి ఉద్యోగాలకు అవసరమైన తొలి అనుభవం సమకూరుతుంది.

సాంస్కృతిక కార్యక్రమాలు

యువజనోత్సవాల్లో పోటీలు సాధారణంగా సంగీతం, నృత్యం, నాటకం, సాహిత్యం, లలితకళలు అనే ఐదు విభాగాలుగా ఉంటాయి. 1925లో ఏర్పడిన సంస్థ వారసత్వంతో నడుస్తున్న భారత విశ్వవిద్యాలయాల సంఘం ఈ పోటీలను జోనల్, జాతీయ స్థాయుల్లో నిర్వహిస్తుంది, వాటికి వెళ్లే జట్టును ప్రతి విశ్వవిద్యాలయం తన పరిధిలోని కళాశాలల నుంచి ఎంపిక చేస్తుంది. నాటక విభాగంలో ఏకాంకిక, స్కిట్, మూకాభినయం, మిమిక్రీ ఉంటే, లలితకళల్లో అప్పటికప్పుడు వేసే చిత్రలేఖనం, కొలాజ్, వ్యంగ్యచిత్రం, రంగవల్లి, మట్టిబొమ్మల తయారీ ఉంటాయి. పాట రాకపోతే యువజనోత్సవంలో చోటు లేదని భావించేవారు ఈ జాబితాను ఒకసారి శ్రద్ధగా చూడాలి.

కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో 'కీచక వధ' ప్రదర్శనతో మొదలైన నాటక సమాజం, ఆ ఊరి పేరుతోనే తెలుగు రంగస్థల చరిత్రలో శాశ్వతంగా నిలిచిపోయింది. అటువంటి నేల మీద ఏకాంకిక ప్రదర్శించే విద్యార్థి బృందానికి చెక్కభజన, కోలాటం, కర్నూలు ప్రాంతపు గొరవయ్యల నృత్యం, ఉర్దూ విశ్వవిద్యాలయ వాతావరణంలో సహజంగా వినిపించే ముషాయిరా, అంటే కవులు తమ కవితలను వినిపించే సభ, అందుబాటులో ఉన్న వనరులు. స్థానిక కళారూపాన్ని ఆ కళాకారుల వద్దే నేర్చుకుని, వారి అనుమతితో వేదికకు తెచ్చే జట్టు సినిమా పాటకు నృత్యం చేసే జట్టుకంటే ఎక్కువ నేర్చుకుంటుంది.

వేదిక మీద కనిపించని పనులు ఉద్యోగ దృష్టితో ఇంకా విలువైనవి. బడ్జెట్ వేయడం, దుకాణదారుల నుంచి ప్రాయోజకత్వం కోరడం, మైకు, దీపాల ఏర్పాటు చూడడం, అతిథుల ప్రయాణం సమన్వయం చేయడం, పత్రికలకు వార్త రాసి పంపడం వంటి బాధ్యతలు కార్యక్రమ నిర్వహణ, మార్కెటింగ్, ప్రజాసంబంధాల రంగాలకు నేరుగా దారితీస్తాయి. సభా వ్యాఖ్యానం అలవాటైన విద్యార్థులు ఆకాశవాణి కడప, కర్నూలు కేంద్రాలు తాత్కాలిక అనౌన్సర్ల కోసం ప్రకటన ఇచ్చినప్పుడు స్వర పరీక్షకు ధైర్యంగా వెళ్లగలుగుతారు.

సామాజిక కార్యక్రమాలు

ప్రాంగణ కార్యక్రమాలన్నింటిలో రాయలసీమ విద్యార్థికి ఎక్కువ నేర్పగలిగినవి సేవా కార్యక్రమాలే. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైన జాతీయ సేవా పథకంలో వలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో పాల్గొనాలి. 2014లో ప్రారంభమైన ఉన్నత భారత్ అభియాన్ కింద విద్యాసంస్థలు గ్రామాలను ఎంచుకుని వాటి సమస్యలకు పరిష్కారాలు వెతుకుతాయి. ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సుల్లో 2020-21 నుంచి సామాజిక సేవా ప్రాజెక్టు చేరింది. దీని కింద విద్యార్థి ఒక గ్రామంలోనో వార్డులోనో కుటుంబాల స్థితిగతులను సర్వే చేసి, రోజువారీ పనిని లాగ్‌బుక్‌లో నమోదు చేసి, నివేదిక సమర్పిస్తారు. మార్కుల కోసం వేరొకరి నివేదికను నకలు చేసేవారు తమ చేతికి వచ్చిన అరుదైన అవకాశాన్ని తామే వదులుకుంటున్నారు.

ఎందుకంటే ఈ జిల్లాల్లో అధ్యయనం చేయవలసిన ప్రశ్నలు ఊరి పొలిమేరలోనే ఉన్నాయి. వాన లేక పంట పోయినప్పుడు ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి, అంటే కాలానుగుణ వలసకు, వెళ్తాయి, వారితోపాటు పిల్లలూ బడి మానేస్తారు. ఏ నెలలో ఎన్ని ఇళ్లకు తాళాలు పడుతున్నాయి, ఊళ్లో ఉండిపోయిన వృద్ధుల వద్దకు రేషన్ ఎలా చేరుతోంది, కాలానుగుణ వసతి గృహం ఉంటే పిల్లలు ఎంతమంది బడిలో నిలుస్తారు అన్నవి అర్థశాస్త్ర, సామాజికశాస్త్ర విద్యార్థులు ఏడు రోజుల శిబిరంలోనే పరిశీలించదగిన విషయాలు. ఎండిపోయిన బోర్ల లెక్క, తాగునీటిలో ఫ్లోరైడు పరీక్ష రసాయనశాస్త్ర, భూగర్భశాస్త్ర విద్యార్థుల పని. కొర్ర, జొన్న వంటి చిరుధాన్యాల సాగు ఖర్చులు, కర్నూలు మార్కెట్‌లో ఉల్లి ధర, రైతుకు చేతికి అందిన సొమ్ము మధ్య తేడా వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు అంశాలు. పొదుపు సంఘాల ఉద్యమానికి పేరు తెచ్చిన ఓర్వకల్లు మహిళల అనుభవం ఏ మేనేజ్‌మెంట్ పాఠానికీ తీసిపోదు.

ఇటువంటి సర్వే చేసి, గణాంకాలను పట్టికలుగా కూర్చి, నివేదికను పంచాయతీకో మండల కార్యాలయానికో అందజేసిన విద్యార్థి గ్రామీణాభివృద్ధి సంస్థల్లో, పొదుపు సంఘాలతో పనిచేసే సెర్ప్, మెప్మా వంటి సంస్థల ప్రాజెక్టుల్లో, అనంతపురం కేంద్రంగా పనిచేసే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వంటి స్వచ్ఛంద సంస్థల్లో ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడు చెప్పుకోదగిన పని చేసినవారు అవుతారు. గ్రూప్-1 ఇంటర్వ్యూలోనూ, వ్యాస ప్రశ్నపత్రంలోనూ సొంత జిల్లా సమస్యను కంటితో చూసి రాసినవారి సమాధానానికి సహజమైన బలం ఉంటుంది.

సేవా కార్యక్రమాలతోపాటు ఎన్‌సీసీ, క్రీడలూ ఉద్యోగానికి దారి చూపుతాయి. ఎన్‌సీసీలో 'సి' ధ్రువపత్రం పొందినవారికి సైన్యంలో ప్రత్యేక ప్రవేశ పథకం ద్వారా రాత పరీక్ష లేకుండా నేరుగా సర్వీస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూకు వెళ్లే వీలుంది. అంతర్ విశ్వవిద్యాలయ క్రీడల్లో ప్రాతినిధ్యం వహించినవారు కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటా నియామకాలకు అర్హుల జాబితాలో ఉంటారు. 15 నుంచి 29 ఏళ్ల యువత కోసం 2023 అక్టోబరు 31న ప్రారంభమైన 'మేరా యువ భారత్' వేదికలో నమోదు చేసుకుంటే స్వచ్ఛంద సేవా అవకాశాల సమాచారం అందుతుంది.

చేసిన పనిని చూపే పద్ధతి

రెజ్యూమెలో 'ఎన్‌ఎస్‌ఎస్ వలంటీరు' అని రాసి వదిలేస్తే చదివేవారికి ఏమీ తెలియదు. 'ఏడు రోజుల శిబిరంలో ఐదుగురి బృందానికి నాయకత్వం, 60 ఇళ్లలో తాగునీటి సర్వే, పంచాయతీకి నివేదిక' అన్న తరహా వాక్యం బాధ్యతను, పరిమాణాన్ని, ఫలితాన్ని ఒకేసారి చెబుతుంది. అందులోని ప్రతి అంకె నిజమైనదే కావాలి, ఎందుకంటే ఇంటర్వ్యూలో తరువాతి ప్రశ్న ఆ అంకె గురించే వస్తుంది. సమాధానం చెప్పేటప్పుడు పరిస్థితి, తమకు అప్పగించిన బాధ్యత, తాము చేసిన పని, వచ్చిన ఫలితం అనే నాలుగు మెట్ల క్రమాన్ని పాటిస్తే మాట తడబడదు. ధ్రువపత్రాలు, నివేదికలు, ఫొటోలు, పత్రికలో వచ్చిన వార్తల ప్రతులను తేదీల వారీగా ఒక ఫైలులో, స్కాన్ ప్రతులను ఫోన్‌లో భద్రపరచుకోవాలి.

అడ్డంకులు, వాటికి మార్గాలు

సాయంత్రం చివరి బస్సు అందుకోవలసినవారు, హాస్టల్ వేళలకు కట్టుబడవలసిన విద్యార్థినులు, సెలవు రోజుల్లో కూలికి వెళ్లవలసినవారు ఈ ప్రాంగణాల్లో చాలామంది ఉన్నారు. వీరు అన్ని కార్యక్రమాలకూ రాలేరు, రానవసరం కూడా లేదు. ఏడాదికి విద్యా సంబంధమైనది ఒకటి, సాంస్కృతికం లేదా క్రీడలు ఒకటి, సేవా కార్యక్రమం ఒకటి చొప్పున మూడు ఎంచుకుని, ప్రతిదానిలో ఒక నిర్దిష్ట బాధ్యత తీసుకుంటే మూడేళ్ల డిగ్రీ ముగిసేసరికి తొమ్మిది అనుభవాలు చేతిలో ఉంటాయి. పగటిపూట జరిగేవాటికి ప్రాధాన్యమివ్వవచ్చు, ఆలస్యమయ్యే రిహార్సళ్లకు ముందుగానే అధ్యాపకుని ద్వారా అనుమతి, ప్రయాణ ఏర్పాటు కోరవచ్చు. పాల్గొనకుండానే డబ్బు కట్టించుకుని ధ్రువపత్రం ఇచ్చే ఆన్‌లైన్ కార్యక్రమాలకు దూరంగా ఉండటం మంచిది. వాటివల్ల ఫైలు బరువు పెరుగుతుందే తప్ప ఇంటర్వ్యూలో చెప్పడానికి ఏమీ మిగలదు.

అధ్యాపకులకూ ఇందులో కర్తవ్యం ఉంది. ప్రతి కార్యక్రమంలోనూ ఎప్పుడూ అవే నలుగురి పేర్లు వినిపించకుండా, సభలో నోరు మెదపని గ్రామీణ విద్యార్థికి కనీసం ఒక బాధ్యత అప్పగించే పద్ధతిని విభాగాలు నియమంగా పెట్టుకోవాలి. కరవు సీమలో చదువుకుని ఎదుగుతున్న తరానికి వేదికలు తక్కువ, అందుకే ఉన్న ప్రతి వేదికా సాధ్యమైనంత ఎక్కువమందికి అందాలి. ఈ విద్యా సంవత్సరంలో ఇంకా మిగిలి ఉన్న తేదీలను ఈరోజే రాసుకుని, వాటిలో ఒకదానికి తమ పేరు నమోదు చేయించుకోవడం ప్రతి విద్యార్థీ వెంటనే చేయదగిన పని.