పక్షవాతం వచ్చిన ఇంటికి మన తోడు

ఇంట్లో ఒకరికి పక్షవాతం వస్తే మంచం పట్టేది ఒక్కరే. ఆ మంచానికి కట్టుబడిపోయేది మాత్రం ఇద్దరు. ఆ రెండోవారు భార్య కావచ్చు, కోడలు కావచ్చు, కొడుకు కావచ్చు. మొదటి వారం బంధువులందరూ పండ్లు తీసుకుని వస్తారు. మూడో నెలకు గడప తొక్కేవారుండరు. నిజానికి తోడు ఎక్కువగా కావలసింది అప్పుడే.

చిత్తూరుకు దగ్గరలోని వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్ గారికి 1954లో కారు ప్రమాదం జరిగి నడుము కింది భాగం చచ్చుబడింది. అయినా ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే శస్త్రచికిత్సలు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ప్రారంభమైంది. అక్కడ చికిత్స పొంది ఇళ్ళకు వెళ్ళినవారు ఏటా జరిగే మేళాలో మళ్ళీ కలుసుకుంటారు. ఆమెది వెన్నుపాము గాయం, పక్షవాతం మెదడుకు వచ్చే జబ్బు. కానీ పాఠం ఒక్కటే: ఆసుపత్రిలో నేర్చుకున్నది ఇంట్లో నిలవాలంటే మనుషుల తోడు ఉండాలి.

ఇరుగుపొరుగువారు చేయగలిగినవి

1. రోజుకు ఒక గంట రోగి దగ్గర కూర్చోండి. ఆ గంటసేపు చూసుకునేవారిని నిద్రపోనివ్వండి.

2. కదలలేనివారిని సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. లేకపోతే పుండ్లు పడతాయి. ఒక చేయి వేయండి. పడిపోయిన చేతిని పట్టుకుని మాత్రం లాగకండి, భుజం దెబ్బతింటుంది.

3. నిటారుగా కూర్చోబెట్టి కొద్దికొద్దిగా తినిపించాలి. సంగటైనా నీళ్ళైనా, మింగేటప్పుడు దగ్గు వస్తే ఆపి వైద్యునికి చెప్పండి.

4. మాట రానంత మాత్రాన బుద్ధి పోయినట్లు కాదు. అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలు అడిగి, జవాబు కోసం ఆగండి. వారి ఎదుట "ఇక లేవడు" అనకండి.

5. వ్యాయామ చికిత్సకు వెళ్ళే రోజు ఆటోలో తోడు వెళ్ళండి.

6. పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారి పింఛనును రాష్ట్ర ప్రభుత్వం 2024లో నెలకు 15,000 రూపాయలు చేసింది. సదరం ధ్రువపత్రం గురించి సచివాలయంలో విచారించి పెట్టండి.

చూసుకునేవారికి ఒక మాట

నిద్ర పట్టకపోవడం, ఊరకే ఏడుపు రావడం, రోగి మీద విసుక్కోవడం మీ తప్పు కాదు. అది అలసట. "నేను తప్ప ఎవరూ చేయలేరు" అనుకోకండి. సాయం అడగండి, వైద్యునికీ చెప్పండి.

మరువకండి

పక్షవాతం మళ్ళీ రావచ్చు. బి.పి., షుగరు మాత్రలు మీ అంతట మీరు మానవద్దు. మూతి వంకరపోయినా, చేయి వాలిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే సూది మందు సాధారణంగా మొదటి నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. పసరు మందు కోసం తిరిగితే ఆ సమయం పోతుంది.

మీ వీధిలో అలాంటి ఇల్లు ఉందా? ఏడు ఇళ్ళవారు వారంలో తలా ఒక రోజు పంచుకోండి. ఒక్కొక్కరికీ పడేది ఒక గంటే. ఆ ఇంట్లో ఆమెకు మాత్రం రోజూ ఒక గంట విశ్రాంతి దొరుకుతుంది.