రాక వేగం, పోక నిదానం!

పత్తర్‌గట్టి రాతి కమానుల వెనుక గల్లీలో ఉండే మా పదో తరగతి విద్యార్థిని ఓ సాయంత్రం పరుగున వచ్చింది. "సార్, ఉపకార వేతనం దరఖాస్తుకు ఈ రాత్రే గడువు. మా కంప్యూటర్లో సినిమాలు ఇట్టే వస్తాయి. నా సర్టిఫికెట్లు మాత్రం పోవడం లేదు!"

వెళ్ళి చూశాను. ముందు లెక్క వేశాం. ఫైలు 5 మెగాబైట్లు. బైటుకు 8 బిట్లు కనుక 40 మెగాబిట్లు. వాళ్ళ కనెక్షనుకు పంపే వేగం సెకనుకు 2 మెగాబిట్లు. అంటే 20 సెకన్లు చాలు! పది నిమిషాలైనా సగం పోలేదు. లోపం దారిలో ఎక్కడో ఉందన్నమాట.

మొదట, ఇంట్లో ఫొటోలు పంపుతున్న ఫోన్లను ఆపాం. మార్పు లేదు. తర్వాత రౌటరును ఆపి మళ్ళీ వేశాం. మార్పు లేదు. చివరికి కంప్యూటరుకూ రౌటరుకూ మధ్య ఉన్న కేబుల్ మార్చాం. ఫైలు అర నిమిషంలో చేరిపోయింది!

కారణమేమిటి? ఆ కేబుల్‌లో 8 రాగి తీగలు 4 మెలి జంటలుగా ఉంటాయి. సెకనుకు 100 మెగాబిట్ల పద్ధతిలో కంప్యూటరు ఒక జంటపై పంపుతుంది, మరో జంటపై అందుకుంటుంది. పాత కేబుల్ తలుపు కింద నలిగింది. పంపే జంట దెబ్బతిని ఉండాలి. దారిలో చెడిన సమాచారాన్ని కంప్యూటరు మళ్ళీ మళ్ళీ పంపవలసి వచ్చింది. అందుకునే జంట బాగుంది కనుక సినిమాలు వచ్చాయి.

పిల్లలూ! మూడు మార్పులూ ఒకేసారి చేసి ఉంటే అసలు దోషి దొరికేదా? ఒకసారికి ఒకే మార్పు. ప్రయోగశాలలోనూ ఇదే నియమం.

మరి మీరు చెప్పండి: సెకనుకు 3 మెగాబిట్ల వేగంతో 15 మెగాబైట్ల ఫైలు పంపడానికి ఎన్ని సెకన్లు పడుతుంది?