పొగ వెనుక కారణం

వికారాబాద్ దాటి అనంతగిరి గుట్ట ఎక్కేటప్పుడు పాత డీజిల్ అంబాసిడర్ కారు నల్లని పొగ కక్కితే, ఇంజను ఆయుష్షు తీరిందని పలువురు భావిస్తారు. తరచుగా ఆ దోషం ఇంజెక్టరుది. డీజిలును సన్నని తుంపరగా చల్లవలసిన నాజిల్ మసిపట్టి చుక్కలుగా కారుస్తుంది. చుక్క పూర్తిగా మండదు. పొగకు మూలం అదే. ఈ కార్ల తయారీ 2014లో నిలిచిపోయింది కనుక ఉన్నదానిని బాగుచేసుకోవడమే మేలు.

ఇంజెక్టరును విప్పడానికి ముందే దాని చుట్టూ ఉన్న మట్టిని తుడవాలి. నాపరాతి గనులున్న తాండూరు ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. నాజిల్ సూదికీ, అది కదలాడే గొట్టానికీ నడుమ ఎడం మిల్లీమీటరులో కొన్ని వేయోవంతులు మాత్రమే. ఒక్క రాతిరేణువు చొరబడినా సూది పట్టేస్తుంది. ఆ రెండూ జతగా నూరినవి; ఒకదాని సూదిని మరొకదానిలో అమర్చరాదు. మసిని ఇత్తడి బ్రష్షుతో తీయాలే తప్ప గరుకు కాగితం తాకించరాదు.

శుభ్రపరచిన ఇంజెక్టరును పరీక్షాయంత్రానికి బిగించి మీట నొక్కితే పొగమంచు వంటి తుంపర రావాలి. ఆగిన పిమ్మట కొన తడిగా ఉండరాదు. ఆ సమయంలో చేయి అడ్డుపెట్టడం మహాప్రమాదం. ధార చర్మాన్ని చీల్చుకొని లోనికి పోతుంది. గాయం సూదిపోటంతే కనబడినా, తక్షణం శస్త్రచికిత్స జరగకపోతే వేలినే కోల్పోవలసి రావచ్చు.

తిరిగి అమర్చేటప్పుడు కొత్త రాగి వాషరునే వేయాలి.